సస్పెన్షన్ పని చేశాక కారు కదలడం లేదా? ముందు లోపలి యాక్సిల్ జాయింట్ చూడండి

స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్సార్బర్ కలిసి ఉండే సస్పెన్షన్ భాగం) మార్చారు, చక్రం బిగించారు, కారు కిందికి దించారు. ఇంజిన్ స్టార్టయింది, గేరూ పడింది. క్లచ్ పూర్తిగా వదిలినా ఇంజిన్ ఆగదు, కారు కదలదు. ముందు చక్రం వెనకనుంచి గరగరమని చప్పుడు. కొన్ని కార్లలో నిలబడ్డ చోటే స్పీడోమీటర్ ముల్లు పైకి లేస్తుంది కూడా.

గేర్‌బాక్స్ పోయిందని టెన్షన్ పడకండి. పని మొదలుపెట్టే ముందు బాగున్న గేర్‌బాక్స్ స్ట్రట్ విప్పినందుకు పాడవదు. ముందు చక్రాలతో నడిచే కార్లలో ఒక పక్క యాక్సిల్ (గేర్‌బాక్స్ నుంచి చక్రానికి బలం అందించే షాఫ్ట్) ఊడితే చాలు, ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే డిఫరెన్షియల్ ఆ ఊడిన పక్కనే ఊరికే తిప్పుతుంది. రెండో చక్రానికీ బలం అందదు.

ఎందుకు ఊడుతుంది

స్ట్రట్ బోల్టులు తీయగానే నకిల్ (చక్రం బిగించి ఉండే లోహపు భాగం) బయటికి ఒరుగుతుంది. దాన్ని అలాగే వదిలేస్తే యాక్సిల్‌ను తనతో పాటు లాగుతుంది. చాలా కార్లలో లోపలి జాయింట్ (గేర్‌బాక్స్ వైపుది) ఒక గిన్నె, అందులో జారే మూడు రోలర్లు. చక్రం పైకీ కిందికీ ఆడినప్పుడు షాఫ్ట్ కొంచెం లోపలికీ బయటికీ జరగాలి కాబట్టి అలా చేస్తారు. హద్దు దాటి లాగితే రోలర్లు గిన్నె అంచు దాటి బయటికొస్తాయి. పైనున్న రబ్బరు బూటు వాటిని ఆపలేదు.

ఎలా తేల్చుకోవాలి

కారును జాక్ స్టాండ్ల మీద నిలిపి, వెనక చక్రాలకు అడ్డుపెట్టి, ఇంజిన్ ఆపి, గేరులో ఉంచండి. రెండు ముందు చక్రాలూ గాలిలో ఉంటే, పని చేయని పక్కదాన్ని ఎవరినైనా కదలకుండా పట్టుకోమనండి. పని చేసిన పక్కదాన్ని చేత్తో తిప్పండి. షాఫ్ట్ తిరుగుతూ గేర్‌బాక్స్ వైపు గిన్నె కదలకపోతే జాయింట్ ఊడినట్టే. బూటు సాగి బిగుసుకుని ఉంటుంది. పైనుంచి నొక్కితే రోలర్ అంచు వేలికి తగులుతుంది.

గిన్నె కూడా గేర్‌బాక్స్ నుంచి బయటికి జరిగి ఆయిల్ కారుతుంటే కథ వేరు. గిన్నెను గేర్‌బాక్స్‌లో పట్టి ఉంచే సర్‌క్లిప్ (చిన్న స్ప్రింగు రింగు) వదిలింది. ఆయిల్ సీల్ అంచు నలగకుండా చూసుకుంటూ, టక్కుమని కూర్చునేదాకా నేరుగా లోపలికి తోయండి. కూర్చుందో లేదో చూడాలంటే గిన్నెను పట్టి లాగాలి. షాఫ్ట్‌ను లాగితే గిన్నెలోంచి రోలర్లు ఊడొస్తాయి! తర్వాత గేర్ ఆయిల్ మట్టం చూసుకోండి.

బాగుచేయడం

బూటు విప్పకుండా బయటినుంచే తోసేద్దామనిపిస్తుంది. నేనూ మొదటిసారి అదే చేశాను. కారు కదిలింది, కానీ టకటక ఆగలేదు. విప్పి చూస్తే రోలర్ ఒకటి ఊడి గ్రీజులో పడి ఉంది, దాని సూది బేరింగులు గుండుసూదుల్లా చెల్లాచెదురయ్యాయి. అవి ఏరుకునేసరికి సాయంత్రమైంది. కాబట్టి విప్పండి.

పెద్ద క్లాంప్ కోసి బూటు వెనక్కి జరపండి. రోలర్లు మూడూ ఉన్నాయా, ఒక్కోటి గరగర లేకుండా తిరుగుతోందా చూడండి. పాత గ్రీజు తుడిచి, గిన్నె లోపలి గాళ్ల మీద గోరు నడపండి. గోరు తట్టుకునేంత గాడి పడితే ఆ జాయింట్ మార్చాల్సిందే. నున్నగా ఉంటే ఆ జాయింట్‌కు చెప్పిన కొత్త గ్రీజు పెట్టి, మూడు రోలర్లూ గాళ్లకు ఎదురుగా వచ్చేలా చూసి నేరుగా తోయండి. బూటు సహజమైన పొడవులో ఉండగా, మొద్దు స్క్రూడ్రైవర్‌తో అంచు కాస్త ఎత్తి లోపలి గాలి వదిలాకే కొత్త క్లాంప్ బిగించండి. ప్లాస్టిక్ టైతో సరిపెడితే గ్రీజు చక్రమంతా చిమ్ముతుంది.

ఇక నకిల్‌ను బిగించేదాకా తీగతో కట్టి ఉంచండి. అసలు మొదట్లోనే కట్టి ఉంటే ఇదంతా ఉండేది కాదు.

కారు కదులుతోంది, కానీ...

స్టీరింగ్ పూర్తిగా తిప్పి వెళ్తే టకటకమంటే అది చక్రం వైపు జాయింట్. అరిగినదానికి గ్రీజు మందు కాదు, మార్చాలి. యాక్సిలరేటర్ తొక్కితే వణుకు వచ్చి, వదిలితే పోతుంటే లోపలి జాయింట్‌ను అనుమానించండి. చక్రం లోపలి వైపు గ్రీజు చిమ్మి ఉండి, ఇంకా చప్పుడు లేకపోతే బూటు చిరిగినట్టు. జాయింట్ కడిగి, కొత్త బూటు, కొత్త గ్రీజు వేస్తే బతుకుతుంది.

యాక్సిల్ నట్టు విప్పి ఉంటే సాధారణంగా కొత్తదే వేయాలి. మీ కారు మాన్యువల్ చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) టార్క్ రెంచ్‌తోనే బిగించండి. నట్టు వదులుగా ఉండగా కారును ఆ చక్రం మీదికి దించితే బేరింగ్ దెబ్బతినవచ్చు.

అన్నీ బిగించాక ఖాళీ స్థలంలో మెల్లగా రెండు వైపులా స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఒక్కో చుట్టు కొట్టండి. తిరిగొచ్చి బూటు అంచు చుట్టూ వేలు రాసి చూడండి. గ్రీజు అంటితే క్లాంప్ సరిగ్గా కూర్చోలేదు.