తాతముత్తాతల జీవితాన్ని వారి కాలంతో కలిపి చూడటం

ముందుగా ఇంట్లోని ట్రంకు పెట్టె తెరవండి. మా ఇంటి పెట్టెలో దొరికిన పొలం దస్తావేజు మీద ‘నందన నామ సంవత్సరం’ అని మాత్రమే ఉంది. ఆ పేరు అరవై ఏళ్లకొకసారి వస్తుంది కనుక అది 1832, 1892, 1952లలో ఏదైనా కావచ్చు. స్టాంపు మీద విక్టోరియా రాణి తల ఉండటంతో 1892 అని తేలింది. ఈ ముద్రలను భూతద్దంతో ఓపికగా చూడండి, తొందరపడితే ఒక తరమే తారుమారవుతుంది.

సంవత్సరం తేలాక దాని పక్కన ఊరి చరిత్ర రాసుకోవాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది; అంతకుముందు పుట్టిన ముత్తాత కాలువ నీళ్లు రాకముందరి సేద్యాన్నీ, తరువాతి వరిచేలనూ రెండింటినీ చూసి ఉంటాడు. 1942లో బర్మా నుంచి కాలినడకన తిరిగివచ్చినవారి కథలు ఇంటి పెద్దల నోట ఇంకా వినిపిస్తాయి, వాటిని ఇప్పుడే రికార్డు చేసుకోండి.

కాగితాలు వెతికేటప్పుడు జిల్లా పేరు జాగ్రత్త: భీమవరం, తణుకు ప్రాంతాలు 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడేదాకా కొంతకాలం కృష్ణా జిల్లాలో ఉండేవి.