విశాఖలో నాట్య విద్యార్థులకు ‘బ్లాక్ స్వాన్’ చూపించడం ఎలా?

డారెన్ ఆరొనాఫ్‌స్కీ 2010లో తీసిన ‘బ్లాక్ స్వాన్’ను విశాఖపట్నంలో కూచిపూడి నేర్చుకుంటున్న వయోజన విద్యార్థులకు చూపి చర్చ నడపదలచినవారు, ముందుగా ‘స్వాన్ లేక్’ కథను క్లుప్తంగా చెప్పాలి. చైకోవ్‌స్కీ సంగీతంతో 1877లో మాస్కోలో తొలిసారి ప్రదర్శితమైన ఆ బ్యాలేలో (పాశ్చాత్య నృత్యరూపకంలో), శాపవశాన హంసగా మారిన ఒడెట్ పాత్రనూ, ఆమె రూపంతో వచ్చి రాజకుమారుణ్ణి మోసగించే ఒడీల్ పాత్రనూ సాధారణంగా ఒకే నర్తకి ధరిస్తుంది. ఇది తెలియకపోతే, తెల్లహంస ఒడెట్‌గా అలవోకగా ఒదిగిపోయే చిత్ర నాయిక, బ్యాలే నర్తకి నీనా, నల్లహంస ఒడీల్ దగ్గరకు వచ్చేసరికి ఎందుకు తల్లడిల్లుతుందో అంతుపట్టదు.

పిల్లల తరగతికి ఈ చిత్రం తగదు. లైంగిక దృశ్యాలు, ఒంటిని గాయపరచుకునే దృశ్యాలు ఉన్నాయని ముందే చెప్పి, ఇబ్బందిపడినవారు లేచి వెళ్లే వీలు కల్పించాలి. ద్వారకానగర్‌లోనో ఎంవీపీ కాలనీలోనో హాలు తీసుకుని ప్రదర్శించేట్టయితే హక్కుదారుల అనుమతి తప్పనిసరి. చిత్రం నిడివి 108 నిమిషాలు కనుక చర్చకు మరో గంట కేటాయించాలి.

చూసేటప్పుడు అద్దాలను గమనించమని చెప్పండి. తాలీము గదిలో, ఇంట్లో, మేకప్ గదిలో ఎక్కడ చూసినా అవే. ఒక దశలో ప్రతిబింబం నీనాను అనుసరించడం మానేస్తుంది. కెమెరా ఆమె భుజం వెనుకే నడుస్తూ ఆమెకు తెలిసినంతే మనకూ తెలియనిస్తుంది కాబట్టి, ఏది నిజం, ఏది భ్రమ అని పట్టిక వేయించడం నా దృష్టిలో వృథా ప్రయాస. నీనాగా నటించిన నటాలీ పోర్ట్‌మన్ స్వయంగా నర్తించిందా అన్న ప్రశ్న ఎలాగూ వస్తుంది: ఆమె కఠోరంగా శిక్షణ పొందింది, కష్టమైన నృత్యభాగాలు కొన్నింటికి సారా లేన్ అనే బ్యాలే నర్తకి డూప్‌గా చేసింది, ఉత్తమ నటి ఆస్కార్ మాత్రం పోర్ట్‌మన్‌కు దక్కింది.

చర్చను మన నాట్యం వైపు మళ్లించాలి. ఏకపాత్ర కూచిపూడిలో నర్తకి నాయికగా విలపించి, మరుక్షణం సఖిగా ఓదారుస్తుంది; పాత్రలు మారినా తాళం తప్పదు. అభినయానికి తనను తాను మరిచిపోవడం అవసరమా, లేక ఆ అదుపే అభినయమా అని అడిగితే, వేదికపై అనుభవమున్నవారు మంచి ఉదాహరణలతో మాట్లాడగలరు.

నీనాను బలవంతంగా ముద్దుపెట్టుకుని, దాన్ని పాత్ర కోసం ఇచ్చే శిక్షణగా చూపే బ్యాలే దర్శకుడు థామస్ ప్రవర్తనను గురువు గారి కాఠిన్యమని దాటవేయనివ్వకూడదు. గురుభక్తి బలంగా ఉన్న తరగతుల్లో ఈ ప్రశ్నకు జవాబు తొందరగా రాదు. అందుకే దీన్ని చివరి ఐదు నిమిషాలకు నెట్టకుండా, చర్చ తొలి భాగంలోనే, వీలైతే గురువులు లేనప్పుడు లేవనెత్తాలి.