హాట్ పాట్ టేబుల్ దగ్గరికి సర్వర్ రానప్పుడు ఏం చేయాలి

మామూలు రెస్టారెంట్లో సర్వర్ పట్టించుకోకపోతే భోజనం ఆలస్యమవుతుంది, చిరాకేస్తుంది, అంతటితో సరి. హాట్ పాట్ అంటే మరుగుతున్న బ్రాత్‌లో, అంటే చారులాంటి రసంలో, మాంసం, కూరగాయలు ఎవరికి వాళ్లు ఉడికించుకుని తినే చైనా భోజనం. అక్కడ సంగతి వేరు, ఎందుకంటే వంట జరిగేది మీ టేబుల్ మీదే. బ్రాత్ ఇగిరిపోతే నోట్లో పెట్టలేనంత ఉప్పెక్కుతుంది. స్టవ్ ఆగిపోతే సగం ఉడికిన చికెన్ గిన్నెలో అలాగే ఉండిపోతుంది. తీసేవాళ్లు లేక ఖాళీ ప్లేట్లు పేరుకుపోతే, వాటి మధ్య పచ్చి మాంసం వెచ్చబడుతుంది. కాబట్టి ఇక్కడ సర్వీసు లోపం రుచితో ఆగదు, కడుపు దాకా వస్తుంది.

1994లో చైనాలోని సిచువాన్ రాష్ట్రంలో, జియాన్‌యాంగ్‌లో మొదలైన హైదిలావ్ అనే హాట్ పాట్ సంస్థ సర్వీసుతోనే పేరు తెచ్చుకుంది. వరుసలో ఉన్నవాళ్లకు చిరుతిళ్లు పెట్టడం, గోళ్లకు రంగు వేయడం దాకా వెళ్లిన చైన్ అది. అన్ని చోట్లా అలాగే ఉంటుందనుకుంటే కష్టం. అమెరికా నగరాల్లో మనవాళ్లు గుంపులుగా వెళ్లే ‘తిన్నంత తినండి’ తరహా హాట్ పాట్‌లలో తలకింత అని ధర ఉంటుంది, 90 లేదా 120 నిమిషాల గడువు ఉంటుంది, పనివాళ్లు మాత్రం తక్కువ. ఇక్కడ చెప్పేది ముఖ్యంగా అలాంటి చోట్లకి.

కూర్చునే ముందు

గడువు ఎప్పటినుంచి లెక్కిస్తారో అడగండి: కూర్చున్నప్పటినుంచా, మొదటి ఆర్డర్ నుంచా? మిగిల్చిన దానికి అదనంగా వేస్తారా? బ్రాత్‌కీ, సాస్ బార్‌కీ (ఎవరికి వాళ్లు సాస్ కలుపుకునే చోటుకీ) వేరే ధర ఉందా? ఈ మూడూ ముందే తేలితే చివర్లో జరిగే గొడవల్లో చాలా భాగం ఉండవు. ఆపైన హాలు ఒకసారి కలియజూడండి. ఖాళీ అయిన టేబుళ్ల మీద ఎంగిలి ప్లేట్లు ఇంకా అలాగే ఉన్నాయంటే మనుషులు చాలడం లేదని అర్థం. అప్పుడు మొదటిసారి సర్వర్ వచ్చినప్పుడే కావలసినవన్నీ అడిగి తెచ్చిపెట్టించుకోవాలి. రెండోసారి ఎప్పుడొస్తారో చెప్పలేం.

బ్రాత్ దగ్గరే సగం విషయం తేలుతుంది

బీఫ్ తిననివాళ్లు, శాకాహారులు ఈ భాగాన్ని జాగ్రత్తగా చదవాలి. చోంగ్‌చింగ్, సిచువాన్ పద్ధతి ఎర్రటి కారం బ్రాత్‌ని సంప్రదాయంగా బీఫ్ కొవ్వుతోనే చేస్తారు. మీద తేలే ఆ ఎర్రటి నూనె చాలాచోట్ల అదే. మెనూలో ‘స్పైసీ’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. నూనెతో చేసిన రకం కావాలంటే ‘వెజిటబుల్ ఆయిల్ బేస్’ ఉందా అని అడగండి. మాండరిన్ మాట్లాడే సిబ్బందికి ‘నియు యౌ’ అంటే బీఫ్ కొవ్వు, ‘ఛింగ్ యౌ’ అంటే గింజల నూనె అని వెంటనే అర్థమవుతుంది. తెల్లటి బ్రాత్ సాధారణంగా పంది ఎముకలు, కోడి ఎముకలు మరగబెట్టి తీసినది. పుట్టగొడుగుల బ్రాత్‌లో, టొమాటో బ్రాత్‌లో కూడా చికెన్ పొడి కలిసి ఉండొచ్చు. ప్యాకెట్ బేస్ వాడుతుంటే ఆ ప్యాకెట్ తెచ్చి చూపించమనండి. ఇలా అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

రెండు అరల గిన్నెలో ఒకవైపు వెజ్, ఒకవైపు నాన్‌వెజ్ పెట్టుకుందామని చాలామంది అనుకుంటారు. కుతకుతా మరిగేటప్పుడు కారం వైపు నూనె మధ్య గోడ దాటి ఇవతల పడుతుంది. గరిటెలూ మారిపోతాయి. నిష్ఠగా ఉండేవాళ్లకి విడి చిన్న గిన్నె ఒక్కటే దారి.

ఇంతకంటే పెద్ద ప్రమాదం బ్రాత్ తిరిగి నింపేటప్పుడు జరుగుతుంది. హడావిడిలో ఉన్న సర్వర్ చేతిలో ఒకటే జగ్గు ఉంటుంది, అందులో ఎముకల బ్రాత్ ఉంటుంది, అన్ని గిన్నెల్లోనూ అదే పోసుకుంటూ వెళ్లిపోతారు. మొదట్లోనే ‘ఈ గిన్నెలో వేడినీళ్లు తప్ప ఏమీ పోయొద్దు’ అని చెప్పండి. టేబుల్ మీద ఎవరో ఒకరు ఆ గిన్నెకి కాపలా ఉండటం ఇంకా మంచిది.

శాకాహారమే అనిపించి మోసపుచ్చేవి ఇంకొన్ని ఉన్నాయి. ఫిష్ టోఫు పేరులో టోఫు (సోయా పనీర్) ఉన్నా అది చేపముద్దే. సాస్ బార్‌లో ఆయిస్టర్ సాస్‌లో ఆల్చిప్పల సారం, షాచా సాస్‌లో ఎండుచేప, ఎండురొయ్య, ఎక్స్‌ఓ సాస్‌లో ఎండిన సముద్రపు గుల్లలు, హ్యామ్ ఉంటాయి. నిశ్చింతగా తినగలిగే సాస్ ఇలా కలుపుకోండి: నువ్వుల పేస్ట్ రెండు చెంచాలు, సోయా సాస్ ఒక చెంచా, బ్లాక్ వెనిగర్ అర చెంచా, దంచిన వెల్లుల్లి, కొత్తిమీర, తరిగిన పచ్చిమిర్చి, పలుచన చేయడానికి కాస్త బ్రాత్. కారం వైపు తినేవాళ్లకి చోంగ్‌చింగ్ వాళ్ల అలవాటే సరైనది: నువ్వుల నూనెలో వెల్లుల్లి, కొత్తిమీర. ముక్కకి ఆ నూనె పడితే నోటి మంట, సిచువాన్ మిరియాల తిమ్మిరి కాస్త తగ్గుతాయి. నువ్వులు, వేరుశనగ పడనివాళ్లు మాత్రం సాస్ బార్ వైపు వెళ్లకపోవడమే మేలు. అక్కడ ఒక గరిటె ఇంకో గిన్నెలో పడుతూనే ఉంటుంది.

మొదటి ఆర్డర్‌లోనే పనిముట్లు

ట్యాబ్లెట్‌లోనో, క్యూఆర్ కోడ్‌తోనో ఆర్డర్ చేస్తున్నా సరే, మనిషి ఎదురుగా ఉండగానే ఇవి అడగండి: పచ్చి మాంసానికి మాత్రమే వాడే పట్టుకారు, గిన్నెకొక చిల్లుల గరిటె, ఒక మామూలు గరిటె, ఖాళీ గిన్నెలు, టిష్యూలు, మంచినీళ్ల జగ్గు, వీటన్నిటికంటే ముఖ్యంగా వేడి బ్రాత్ జగ్గు ఒకటి టేబుల్ మీదే వదిలేయడం. చాలాచోట్ల కాదనరు, వాళ్లకీ తిరుగుడు తగ్గుతుంది.

ఆర్డర్‌ని రెండు మూడు విడతలు చేయండి. మొదటి విడతలో ఆలస్యంగా ఉడికేవి: బంగాళాదుంప, ముల్లంగి, తామరదుంప, మొక్కజొన్న, ఫ్రోజెన్ టోఫు, ఫిష్ బాల్స్. వాటితోపాటు మాంసం ఒక్కొక్క రకం ఒక్కో ప్లేటే. వంటింట్లోంచి ఎంత వేగంగా వస్తున్నాయో దీంతో తెలుస్తుంది. ప్లేటు రావడానికి పావుగంట పడుతోందంటే, చేతిలో ఉన్నది అయిపోకముందే తర్వాతి విడత పంపాలి. విసుగొచ్చి ఒకేసారి ఇరవై ప్లేట్లు చెప్పేస్తే అన్నీ కలిసి వస్తాయి, మాంసం బయట ఉండిపోతుంది, చివరికి మిగిల్చినందుకు డబ్బు కూడా కట్టాలి. అడగనిది వస్తే ముట్టుకోకుండా అప్పుడే వెనక్కి పంపండి.

స్టవ్ సంగతి

ఇండక్షన్ పొయ్యి కూతపెట్టి ఆగిపోతే మొదట చూడాల్సింది గిన్నె మధ్యలో ఉందా అని. కాస్త పక్కకి జరిగినా అది గిన్నెని గుర్తించదు. బటన్ల మీద బ్రాత్ చిందినా అలాగే మొరాయిస్తుంది, పొడి టిష్యూతో తుడిస్తే చాలాసార్లు పనిచేస్తుంది. తుడిచేటప్పుడు గిన్నెని ఎత్తొద్దు.

బ్యూటేన్ డబ్బా పెట్టిన చిన్న స్టవ్ అయితే, గిన్నె గానీ పళ్లెం గానీ డబ్బా ఉన్న అర మీదికి వాలకూడదు. వేడికి డబ్బా పేలే ప్రమాదం ఉంది. మంట సన్నబడితే డబ్బా అయిపోవస్తోందని అర్థం, కొత్తది సిబ్బందే మార్చాలి, మీరు ముట్టుకోవద్దు. బొగ్గుతో మండే బీజింగ్ రాగి గిన్నె దగ్గర కూర్చుంటే గాలి ఆడుతోందో లేదో గమనించండి. తలనొప్పి, కళ్లు తిరగడం మొదలైతే అది కారం వల్ల అనుకోకుండా వెంటనే బయటికి వెళ్లాలి, ఎందుకంటే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

ఉడికిందో లేదో మీరే చూసుకోవాలి

పనివాళ్లు తక్కువైనప్పుడు ఎక్కువగా జరిగే తప్పు మరుగు తగ్గిన బ్రాత్‌లో మాంసం వేయడం. గడ్డకట్టిన ముక్కలు ప్లేటంతా ఒక్కసారి గుమ్మరిస్తే గిన్నె చల్లబడుతుంది, ముక్కలు ముద్దగా అంటుకుని లోపల పచ్చిగా ఉంటాయి. ఐదారు ముక్కలు మాత్రమే విడివిడిగా వేయండి. జగ్గుతో బ్రాత్ పోసిన వెంటనే అప్పటికే గిన్నెలో ఉన్నది తీసుకుని తినకండి. మళ్లీ పూర్తిగా మరిగేదాకా ఆగి, అక్కడినుంచి టైమ్ లెక్కపెట్టండి. ఎర్ర బ్రాత్‌కి మీద నూనె పొర ఉంటుంది కాబట్టి ఆవిరి తక్కువ కనిపిస్తుంది, ఆవిరి చూసి అంచనా వేయలేం. గరిటెతో కదిపితే కింద బుడగలు తెలుస్తాయి.

మరుగుతున్న బ్రాత్‌లో సుమారు సమయాలు: కాగితంలా పలుచగా కోసిన మటన్, బీఫ్ రంగు పూర్తిగా మారేదాకా, 15 నుంచి 30 సెకన్లు. పొట్టతిత్తి పలుచని పొర 15 సెకన్లు, దాన్ని ముంచి తీస్తూ ఉడికిస్తారు, ఎక్కువ ఉంచితే రబ్బరులా సాగుతుంది. రొయ్య 2 నుంచి 3 నిమిషాలు. చికెన్ ముక్క మందాన్నిబట్టి 4 నుంచి 6 నిమిషాలు, ఒక ముక్క విరిచి లోపల చూడాలి. ఫిష్ బాల్స్ తేలిన తర్వాత ఇంకో నిమిషం. ఆకుకూర 30 సెకన్లు, దాన్ని తెల్ల బ్రాత్‌లోనే వేయండి, కారం వైపు వేస్తే నూనెంతా పీల్చేస్తుంది. సన్నటి తెల్ల ఎనోకి పుట్టగొడుగుల్ని చాలామంది ముంచి తీసేస్తారు, అది సరికాదు. లిస్టీరియా బాక్టీరియా కారణంగా అమెరికాలో వాటిని ఎన్నోసార్లు మార్కెట్ నుంచి వెనక్కి తెప్పించారు. గుత్తి విడదీసి 3 నిమిషాలైనా మరగాలి. చిక్కుడు జాతి కాయలు పచ్చిగా ఉంటే వాంతులవుతాయి, పది నిమిషాలు ఉడకాల్సిందే.

అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క చికెన్‌కి 74 డిగ్రీల సెల్సియస్, కీమాకి 71, చేపకి 63. ఫ్రిజ్‌లోంచి తీసిన మాంసం గది వేడిలో రెండు గంటలకు మించి ఉండకూడదు. టేబుల్ మీదికి రాకముందు ఎంతసేపు బయట ఉందో మీకు తెలియదు కాబట్టి అరగంటలో గిన్నెలోకి చేరేలా చూసుకోండి. అంచులు నల్లబడి, జిగటగా, చల్లదనం లేకుండా వచ్చిన ప్లేటుని ఉడికిస్తే సరిపోతుందిలే అనుకోవద్దు. కొన్ని బాక్టీరియాల విషం ఉడికినా పోదు. వెనక్కి పంపండి.

ఉప్పు ఎక్కువైందని సాస్‌ని తప్పుపడతారు గానీ, కారణం చాలాసార్లు ఇగిరిన బ్రాత్. నీరు ఆవిరవుతుంది, ఉప్పు ఉండిపోతుంది. రెండు లీటర్లు ఒక లీటరుకి వచ్చిందంటే ఉప్పదనం రెట్టింపు. గిన్నెలో మూడో వంతు తగ్గగానే నింపాలి. తెల్ల బ్రాత్ తాగాలనుకునేవాళ్లు మాంసం వేయకముందే ఒక కప్పు తీసి పెట్టుకోవాలి.

ఎవరికి, ఎప్పుడు చెప్పాలి

పది నిమిషాలు చేయి ఊపుతూ కూర్చోవద్దు. ఐదు నిమిషాలకి ఎవరూ రాకపోతే ఒకరు లేచి ముందు కౌంటర్ దగ్గరికి వెళ్లండి. ఫిర్యాదులా కాకుండా పనిగా చెప్పండి: టేబుల్ నంబర్, ఏ గిన్నె, ఏం కావాలి. ‘సర్వీసు బాగాలేదు’ అంటే ఎవరూ ఏమీ చేయలేరు. ‘12వ టేబుల్, ఎడమ గిన్నె, పది నిమిషాలుగా మరగడం లేదు’ అంటే ఎవరో ఒకరు కదులుతారు.

మొదటి ప్లేటు రావడానికే 25 నిమిషాలు పడితే, గడువుని అక్కడినుంచి లెక్కించమని మేనేజర్‌ని అప్పుడే అడగండి. ట్యాబ్లెట్‌లో ఆర్డర్ వేళ కనిపిస్తే అదే సాక్ష్యం. భోజనమంతా అయ్యాక, బిల్లు చేతిలో ఉండగా అడిగితే మిగిలేది వాదనే. శాకాహార గిన్నెలో ఎముకల బ్రాత్ పోస్తే కొత్త గిన్నె, కొత్త కూరగాయలు, గడువు పొడిగింపు, ఈ మూడూ అడగడం న్యాయం. బిల్లులో తగ్గిస్తామని వాళ్లే అంటే తీసుకోండి.

బిల్లు, టిప్

ఆరుగురు, అంతకుమించి ఉంటే చాలా అమెరికన్ రెస్టారెంట్లు 18 శాతం గ్రాట్యుటీ, అంటే టిప్, ముందే కలిపేస్తాయి. కింద టిప్ గీత ఖాళీగానే ఉంటుంది, చూసుకోకపోతే రెండుసార్లు ఇచ్చినట్టవుతుంది. సర్వీసు నిజంగా బాగాలేనప్పుడు టిప్ తగ్గించడం మీ హక్కు. కానీ ఒక్క మనిషి పది టేబుళ్లు చూస్తుంటే తప్పు ఆ మనిషిది కాదు. టిప్ తీసుకునే ఉద్యోగికి ఫెడరల్ చట్టం ప్రకారం యజమాని నేరుగా ఇవ్వాల్సిన కనీస వేతనం గంటకి 2.13 డాలర్లే, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో పూర్తి కనీస వేతనం ఇస్తారు. ఆహారం తప్పైతే డబ్బు బిల్లులో తగ్గాలి, అది మేనేజర్ చేయాల్సిన పని. నిర్లక్ష్యం ఆ సర్వర్‌దే అని స్పష్టంగా తెలిస్తే టిప్‌లో చూపించండి.

భారతదేశంలో అయితే బిల్లులో సర్వీస్ ఛార్జ్ దానంతటదే కలపకూడదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న ఈ మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసేయమనండి, కుదరదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. జీఎస్టీ మాత్రం పన్ను, దాన్ని కాదనలేం.

తర్వాత ఒంట్లో బాగాలేకపోతే బిల్లు పారేయకండి. నోరోవైరస్ లక్షణాలు 12 నుంచి 48 గంటల్లో, సాల్మొనెల్లా 6 గంటల నుంచి 6 రోజుల మధ్య ఎప్పుడైనా బయటపడవచ్చు, కాబట్టి ఆ రోజు ఎవరెవరు ఏ గిన్నెలోంచి ఏం తిన్నారో రాసిపెట్టుకోండి. మలంలో రక్తం, ఎక్కువ జ్వరం ఉంటే వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. అమెరికాలో అయితే ఆ ప్రాంతపు కౌంటీ ఆరోగ్య శాఖకి ఫిర్యాదు చేసేటప్పుడు తేదీ, వేళ, తిన్నవాళ్ల సంఖ్య, జబ్బుపడినవాళ్ల సంఖ్య, లక్షణాలు మొదలైన సమయం చెప్పండి.