ఫుడ్ ఫారెస్ట్‌లో మొక్కలు వాడిపోతున్నాయా? ముందు గొయ్యి అడుగు చూడండి

కాలనీ పార్కులో జామ, మునగ, బొప్పాయి, కరివేపాకు కలిపి ఫుడ్ ఫారెస్ట్, అంటే తినడానికి పనికొచ్చే మొక్కల చిన్న అడవి, పెట్టారు. వానలు పడ్డాక ఆకులు పసుపెక్కి వేలాడుతున్నాయి, బొప్పాయి మొదలు మెత్తబడి ఒరిగిపోతోంది. వెంటనే ఎవరో ఒకరు "నీళ్లు చాలట్లేదన్నా, కాస్త యూరియా కూడా వేద్దాం" అంటారు. ఆగండి. మట్టిలోకి వేలు పెట్టి చూడండి. లోపల తడిగా ఉంటే నీళ్లు ఆపేయాలి. ఈ చిన్న పని చేయకే ఎన్నో మంచి మొక్కలు పోతున్నాయి.

అసలు కారణం

హైదరాబాద్‌లో చాలా ఖాళీ జాగాల్లో పైన కాస్త ఎర్రమట్టి, దాని కింద ఇళ్లు కూల్చిన శిథిలాలో, గట్టి మొరమో, బండరాయో ఉంటుంది. అలాంటి చోట గొయ్యి తీసి, పశువుల ఎరువు కలిపిన మెత్తటి మట్టి నింపితే చుట్టుపక్కల వాననీరంతా అందులోకే దిగుతుంది. బయటికి దారి ఉండదు. వేళ్లకు గాలి ఆడక కుళ్లిపోతాయి. కుళ్లిన వేరు నీరు తీసుకోలేదు కాబట్టి మొక్క దాహంతో వాడినట్టే కనిపిస్తుంది. మనం ఇంకో బకెట్ పోస్తాం. ఎండాకాలమంతా మొక్క బాగానే ఉండటంతో గొయ్యి మీద ఎవరికీ అనుమానం రాదు.

మొక్కకు కాస్త దూరంగా రెండడుగుల గొయ్యి తీసి నిండా నీళ్లు పోయండి. ఇంకాక సాయంత్రం మళ్లీ నింపండి. తెల్లారినా నీళ్లు నిలిచే ఉంటే కారణం అదే.

ఏం చేయాలి

పల్లం వైపు గొయ్యి అడుగు దాకా కాలువ తీసి నీటికి దారి ఇవ్వండి. కొత్తగా పెట్టేవాటికి గొయ్యి వద్దు. గడ్డపారతో నేల వదులు చేసి, దానిమీద అడుగున్నర ఎత్తు మట్టిదిబ్బ పోసి నాటండి. ఎండుటాకులు కప్పండి, కాండానికి మాత్రం తగలనివ్వకండి.

లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే శిథిలాల్లోని సున్నం వల్ల ఇనుము అందట్లేదేమో చూడండి. సున్నం ఉంటే మట్టిపై నిమ్మరసం పిండగానే బుసబుస పొంగుతుంది. సిమెంటు పెళ్లలు ఏరేసి కంపోస్టు వేయండి. చెదలు, వైరస్ లాంటివాటిని అనుమానించడం ఇవన్నీ చూశాకే.

కాలువ చివర తడి నిలిచే చోట చేమ, పొన్నగంటి వేయండి. పండ్ల చెట్లు కోలుకునేదాకా ఇళ్లకు కూరాకు అక్కడి నుంచే అందుతుంది.