ఇటలీలోని చిన్న పట్టణపు ఫుట్‌బాల్ క్లబ్బు చరిత్ర రాయడం ఎలా

ఇటలీలోని ఒక చిన్న పట్టణపు ఫుట్‌బాల్ క్లబ్బు చరిత్ర రాయడానికి పూనుకున్నవారిని మొదటి పేజీలోనే తడబడేలా చేసే ప్రశ్న ఒకటుంది: ఈ క్లబ్బు ఎప్పుడు పుట్టింది? చొక్కా మీది చిహ్నంలో ఏదో ఒక సంవత్సరం కనిపిస్తుంది కాబట్టి దాన్నే రాసేసి ముందుకు సాగాలనిపిస్తుంది. అలా సాగవద్దు. పియెమోంతే ప్రాంతంలోని వెర్చెల్లి పట్టణాన్నే చూడండి. అక్కడి ప్రో వెర్చెల్లి క్లబ్బు పేరులో 1892 అన్న అంకె ఉంది. ఆ ఏడు పుట్టింది నిజానికి ఒక వ్యాయామ సంఘం. అందులో ఫుట్‌బాల్ విభాగం మొదలైంది 1903లో. 1908కీ 1922కీ మధ్య ఏడుసార్లు జాతీయ విజేతగా నిలిచిన ఆ క్లబ్బు 2010లో ఆర్థిక ఇబ్బందులతో పోటీలకు దూరం కాగా, అదే పట్టణంలోని ప్రో బెల్వెదేరే అనే మరో క్లబ్బు ఆ పేరును, ఆ తెల్ల చొక్కాను స్వీకరించి ఆట కొనసాగించింది. 2012లో ఆ జట్టు దేశంలో రెండో మెట్టు డివిజన్ అయిన సెరీ బికి ఎదిగినప్పుడు, 1948 తర్వాత మళ్లీ ఇప్పుడే ప్రో వెర్చెల్లి అక్కడికి చేరిందని ఊరంతా పండుగ చేసుకుంది. మరి పుట్టిన సంవత్సరం 1892 అనాలా, 1903 అనాలా, 2010 అనాలా? మూడింటికీ ఆధారముంది. ఏ సంవత్సరం దేని పుట్టుకో విడమరచి చెప్పడమే మీ పని.

కాబట్టి కథ రాయడానికి ముందు క్లబ్బుకు ఒక వంశవృక్షం గీయండి. పెద్ద కాగితం తీసుకొని ఒక్కో సీజన్‌కు ఒక్కో వరుస కేటాయించి, ఆ ఏడాది క్లబ్బు పూర్తి పేరు, చొక్కా రంగులు, ఆడిన మైదానం, ఆడిన డివిజన్, చివరికి దక్కిన స్థానం నింపుకుంటూ వెళ్లండి. పేరు మారిన ప్రతిచోటా ఆగి, ఆ మార్పు ఏ రకానిదో తేల్చుకోవాలి. ఊళ్లోని రెండు సంఘాలు కలిసిపోవడం ఒక రకం. పక్క ఊరి క్లబ్బుతో విలీనమై రెండు ఊళ్ల పేర్లూ మోయడం ఇంకొకటి. దివాలా తీసిన సంస్థ స్థానంలో కొత్త సంస్థ అట్టడుగు డివిజన్‌ నుంచి మొదలుపెట్టడం మరొకటి. ఇటలీ ఫుట్‌బాల్ సమాఖ్య ప్రతి క్లబ్బుకూ మత్రికోలా అనే నమోదు సంఖ్య ఇస్తుంది. పేరు మారినా ఆ సంఖ్య మారకపోతే సంస్థ అదేనని అర్థం. సంఖ్య కొత్తదైతే పేరు ఒకటే అయినా సంస్థ వేరు. దీనికి తోడు, చాలా ఔత్సాహిక క్లబ్బుల పేర్ల ముందు కనిపించే ఆసొచ్చాజియోనే స్పోర్తీవా దిలెత్తాంతిస్తికా (ఔత్సాహిక క్రీడా సంఘం) అన్న పొడవాటి మాటలు చూసి కొత్త క్లబ్బు పుట్టిందని పొరబడవద్దు. 2002 డిసెంబరు నాటి చట్టం ఔత్సాహిక సంఘాలు తమ పేరులోనే ఆ సంగతి తెలపాలని కోరింది కనుక అవి చేరాయి, అంతే.

చట్టం ఒకలా, ఊరి మనసు ఇంకోలా చెప్పినప్పుడు రచయిత ఎటు నిలబడాలి? నా ఉద్దేశంలో రెండింటినీ దాచకుండా చెప్పాలి. దివాలా పడిన ఏడాదిని ఒక్క ముక్కలో దాటేసే చరిత్రలు చాలా వస్తుంటాయి. పాఠకుడికి అసలు తెలియవలసినది అక్కడే ఉంటుంది. అప్పులెవరివి, మైదానం తాళాలు ఎవరి చేతిలో మిగిలాయి, పిల్లల జట్లను ఎవరు నడిపారు, అదే చొక్కాను మళ్లీ కుట్టించింది ఎవరు అన్న వాటికి జవాబు దొరికితే, ఆ క్లబ్బు బతికిందా, చనిపోయి మళ్లీ పుట్టిందా అన్నది పాఠకుడే తేల్చుకోగలడు.

తర్వాతి చిక్కు డివిజన్ల పేర్లు. ఇటలీలో ఒకే మెట్టుకు వేర్వేరు కాలాల్లో వేర్వేరు పేర్లున్నాయి. దేశమంతటికీ ఒకే గ్రూపుగా సెరీ ఎ 1929-30లో మొదలైంది. సెరీ సి 1935-36లో వచ్చింది. 1952-53లో నాలుగో మెట్టుగా క్వార్తా సెరియె ఏర్పడి, 1959లో సెరీ డి అయింది. 1978లో సెరీ సి రెండుగా చీలి సి1, సి2 అయ్యాయి. 1981 నుంచి సెరీ డిని ఇంతెర్‌రెజొనాలే అనీ, 1992 నుంచి జాతీయ ఔత్సాహిక ఛాంపియన్‌షిప్ అనీ పిలిచి, 1999లో మళ్లీ పాత పేరే పెట్టారు. ప్రాంతీయ స్థాయిలో అన్నిటికన్నా పైనుండే ఎచ్చెల్లెంజా 1991లో పుట్టింది కనుక, అంతకుముందు ప్రొమొజియోనే అనే డివిజన్‌లో ఆడిన జట్టు ప్రాంతీయ పోటీల వరకు ఈనాటి ప్రొమొజియోనే జట్టు కన్నా ఒక మెట్టు పైన ఆడినట్టే. 2014లో సి1, సి2 వారసులైన రెండు డివిజన్లూ ఒక్కటై, 2017లో సెరీ సి అన్న పేరు తిరిగి వచ్చింది. ఈ పట్టికను చేతికందేలా పెట్టుకోకపోతే, క్లబ్బు కదలకుండా ఉన్నచోటే ఉన్నా పైకి ఎగబాకిందని రాసే ప్రమాదముంది.

మైదానంలో గెలిచి ఎదగడం వేరు, రిపెస్కాజ్జో ద్వారా ఎదగడం వేరు. పై డివిజన్‌లో ఏదో క్లబ్బు ఆర్థిక షరతులు నెరవేర్చలేక తప్పుకుంటే, ఆ ఖాళీని కింది డివిజన్‌ క్లబ్బుతో నింపడమో, దిగజారిన క్లబ్బును అక్కడే నిలపడమో చేస్తారు. చివరి పట్టికలో మీ జట్టు కింద పడినట్టు కనిపించి, మరుసటి ఏడు అదే డివిజన్‌లో ఆడుతుంటే పత్రిక తప్పు అచ్చువేసిందనుకోకుండా ఆ వేసవి ప్రకటనలు చూడండి. సమాఖ్యా, దాని ప్రాంతీయ కమిటీలూ వెలువరించే కొమునికాతో ఉఫిచాలే అనే అధికారిక ప్రకటనల్లోనే ఇలాంటి నిర్ణయాలుంటాయి. శిక్షగా కోసిన పాయింట్లు, ఆటగాళ్ల నిషేధాలు, మైదానంలో కాక ఆఫీసు బల్ల మీద తేలిన ఫలితాలు కూడా అక్కడే దొరుకుతాయి. ఈ బల్ల మీది ఫలితాన్ని ఇటలీవారు ‘ఆ తవొలీనో’ అంటారు. పూర్వం అది 2-0గా నమోదయ్యేది, ఇప్పుడు 3-0గా నమోదవుతుంది. పాత పట్టికలో అనుమానాస్పదంగా కనిపించే 2-0 ఒకటి ఎదురైతే ఆ సంగతి గుర్తు చేసుకోండి.

సమాఖ్య సైతం ఒక్కటిగా లేని కాలం ఉందని మరవకూడదు. 1921-22లో పెద్ద క్లబ్బులు విడిపోయి వేరే కూటమి పెట్టుకోవడంతో ఆ ఏడాది ఇటలీకి ఇద్దరు విజేతలయ్యారు. విడిపోయిన కూటమిలో ప్రో వెర్చెల్లి గెలిచింది. సమాఖ్య పోటీలో నోవి లీగురే పట్టణానికి చెందిన, అప్పటికి మూడేళ్ల వయసే ఉన్న నొవేజే గెలిచింది. సంపియెర్‌దరెనేజేతో రెండు ఫైనల్ ఆటలూ ఒక్క గోలూ లేకుండా ముగియగా, క్రెమోనాలో జరిగిన మూడో ఆటలో నొవేజే 2-1తో నెగ్గింది. పెద్ద జట్లు లేని ఏడాదిలో వచ్చిన టైటిల్ అని దాన్ని చులకన చేసేవాళ్లున్నారు, నొవేజే అభిమానులేమో చీలిక ఊసే ఎత్తరు. చీలికనూ చెప్పి, మూడు ఆటలనూ చెప్పిన చరిత్రే నాకు నమ్మదగినదిగా తోస్తుంది.

ఇక ఆధారాల సంగతి. ఊరి వారపత్రికే మీకు ప్రాణం. వెర్చెల్లిలో లా సేజియా, కసాలే మోన్‌ఫెర్రాతోలో ఇల్ మోన్‌ఫెర్రాతో 19వ శతాబ్దం నుంచీ వెలువడుతున్నాయి. ఇలాంటి పత్రికలు చాలా పట్టణాల్లో ఉన్నాయి; డయోసిస్, అంటే బిషప్ కింది చర్చి ప్రాంతం, తరఫున వెలువడే వారపత్రికలు కూడా ఆదివారం ఆటలను వదిలేవి కావు. జాతీయ స్థాయిలో 1896లో మొదలై 1899 నుంచి గులాబీ కాగితం మీద అచ్చవుతున్న గజ్జెత్తా దెల్లో స్పోర్త్ ఉంది. తురీన్ నుంచి వచ్చే లా స్తంపా పాత సంచికలు ఆరంభం నుంచీ డిజిటల్ రూపంలో చదువుకోవచ్చు కనుక, పియెమోంతే క్లబ్బుల మీద పనిచేసేవారు అక్కడ మొదలుపెట్టడం సుఖం. ఫ్లోరెన్స్, రోమ్ నగరాల్లోని కేంద్రీయ జాతీయ గ్రంథాలయాల్లో పత్రికల నిధి ఉంది. అయితే 1966 నవంబరు 4న ఆర్నో నది వరద ఫ్లోరెన్స్ గ్రంథాలయపు నేలమాళిగల్లోకి చొరబడి పత్రికల సంపుటాలెన్నింటినో బురదపాలు చేసింది. అక్కడ దొరకలేదని నిరాశ పడకుండా ఆ ఊరి గ్రంథాలయంలోనూ, పత్రిక కార్యాలయంలోనూ అడగండి.

పత్రిక చెప్పనిది కొమూనే, అంటే పురపాలక సంఘం, పాత తీర్మానాలు చెబుతాయి. మైదానానికి నేల ఎవరిచ్చారు, ప్రహరీ గోడకు ఎంత ఖర్చయింది, అద్దె మాఫీ చేశారా లేదా అన్నవి అక్కడుంటాయి. 1926 తర్వాత ఫాసిస్టు పాలన ఎన్నికైన మేయర్లను తొలగించి పొదెస్తా అనే నియమిత అధికారిని పెట్టింది కనుక, ఆ కాలపు తీర్మానాలను ఆ పేరుతో వెతకాలి. క్లబ్బుల పేర్లను ఇటాలియనీకరించిన కాలం కూడా అదే: మిలాన్‌లోని ఇంతెర్‌నాజొనాలే 1928లో ఆంబ్రోజియానాగా మారింది. మీ చిన్న క్లబ్బు పేరు కూడా ఆ ఏళ్లలో ఉన్నట్టుండి మారితే కారణం విలీనమే కానక్కరలేదు. జిల్లాలో కేంద్ర ప్రభుత్వ ప్రతినిధి అయిన ప్రిఫెక్టు కార్యాలయపు పాత కాగితాలు జిల్లా కేంద్రంలోని ఆర్కీవియో ది స్తాతో అనే రాజ్య పత్రాగారానికి చేరతాయి. వాటిలో వ్యక్తుల సున్నితమైన వివరాలున్న పత్రాలను 40 ఏళ్లు, ఆరోగ్యం, కుటుంబ రహస్యాలకు సంబంధించినవాటిని 70 ఏళ్లు గడిస్తే తప్ప సాధారణంగా చూడనివ్వరు.

సేకరించిన పట్టికలను తప్పక లెక్కగట్టి చూడండి. 16 జట్లు ఇంటా బయటా ఆడే గ్రూపులో 240 ఆటలు జరుగుతాయి. గెలుపుకు రెండు పాయింట్లున్న రోజుల్లో ప్రతి ఆటా రెండు పాయింట్లు పంచుతుంది కాబట్టి మొత్తం 480 రావాలి. 478 వచ్చిందంటే ఎవరికో పాయింట్లు కోశారు, లేదా ఒక ఆట జరగలేదు, లేదా అచ్చుతప్పు పడింది. వేసిన గోల్స్ మొత్తం, పడిన గోల్స్ మొత్తం సమానం కావాలి. గెలుపుల మొత్తం ఓటముల మొత్తంతో సరిపోవాలి. గెలుపుకు మూడు పాయింట్ల పద్ధతి సెరీ ఎలో 1994-95 నుంచి అమలైంది. మీ డివిజన్‌లో ఏ సీజన్ నుంచి వచ్చిందో విడిగా సరిచూసుకోవాలి. ఈ లెక్క ఒక సాయంకాలం తీసుకుంటుంది కాని, దశాబ్దాలుగా ఒకరిని చూసి ఒకరు రాసుకుంటూ వచ్చిన తప్పును బయటపెట్టేది ఇదే.

ఫోటోల దగ్గర ఇంకా ఓపిక కావాలి. ఊళ్లోని బార్ గోడ మీద వేలాడే పాత జట్టు ఫోటో కింద ఎవరో చేత్తో రాసిన సంవత్సరాన్ని మొదటే నమ్మవద్దు. పెద్ద లీగుల్లో చొక్కా వీపున అంకెలు 1939-40లో వచ్చాయి కనుక, ఒక ఆటగాడు పక్కకు తిరిగినప్పుడు అంకె కనిపిస్తే ఫోటో అంతకన్నా పాతది కాకపోవచ్చు. గుండె మీద గొడ్డలి చుట్టూ కట్టిన కర్రల మోపు చిహ్నముంటే అది ఫాసిస్టు కాలం నాటిది. కాళ్ల ముందున్న బంతికి తోలు దారపు కుట్టుందేమో, ఛాతీ మీద వ్యాపార సంస్థ పేరుందేమో చూడండి. ఆ వ్యాపార పేర్లు 1980ల నుంచే సర్వసాధారణమయ్యాయి. ఆపైన జట్టును వదిలి వెనక కనిపించేవాటిని చూడండి: కప్పు లేని ప్రేక్షకుల మెట్లు, ఇప్పుడు లేని ఫ్యాక్టరీ పొగగొట్టం, ఇంకా మరమ్మతు కాని చర్చి గంటగోపురం. వాటి తేదీలు కొమూనే కాగితాల్లో ఉంటాయి కాబట్టి, ఫోటో తేదీ మనుషుల ముఖాల కన్నా గోడల వల్లే ఎక్కువగా తేలుతుంది.

మైదానం పేరు కూడా ఒక ఆధారమే. కసాలేలోని మైదానానికి నాతాలే పల్లి అన్న పేరు ఆటగాడిది కాదు. 1918 ఆగస్టు 9న వియన్నా మీదుగా ఎగిరిన విమానాల్లో ఒకదాన్ని నడిపిన ఆ ఊరి పైలట్‌ది. 1914లో జాతీయ విజేత అయిన కసాలే నల్ల చొక్కా మీద తెల్ల నక్షత్రం ధరిస్తుంది. పొరుగునున్న వెర్చెల్లి తెలుపుకు ఎదురుగానే ఆ నలుపును ఎంచుకున్నారని చెబుతారు. ఊరికీ ఊరికీ మధ్య ఉండే ఈ పంతాన్ని పట్టించుకోకుండా రంగుల కథ రాయలేము.

యుద్ధ కాలాన్ని ఖాళీ గీతతో వదిలేయకండి. 1915లోనూ, 1943లోనూ జాతీయ పోటీలు ఆగిపోయినా ఊళ్లలో ఆట ఆగలేదు. 1944లో ఉత్తర ఇటలీలో జరిగిన యుద్ధకాలపు పోటీలో లా స్పెజియా అగ్నిమాపక దళపు జట్టు తురీన్ నగరపు క్లబ్బు తొరీనోను 2-1తో ఓడించింది. దానికి సమాఖ్య గౌరవ గుర్తింపు ఇచ్చింది 2002లో. మీ ఊరి జట్టు ఆ ఏళ్లలో ఎవరితో ఆడిందో, ఎవరు తిరిగి రాలేదో ఊరి యుద్ధ స్మారకం మీది పేర్లతో పాత జట్టు జాబితాలను పోల్చి చూస్తే తెలుస్తుంది.

పెద్దల జ్ఞాపకాలను ఆలస్యం చేయకుండా సేకరించండి. అడిగేటప్పుడు ఫలితాలు అడగవద్దు, అవి పత్రికలో ఉన్నాయి. బట్టలు ఎక్కడ మార్చుకునేవారు, బయటి ఊరి ఆటకు ఏ బండిలో వెళ్లేవారు, చొక్కాలు ఎవరు ఉతికేవారు అని అడగండి. వాళ్లు చెప్పిన తేదీని పత్రికతో సరిచూసి, తేడా వస్తే తేదీని మాత్రమే సరిదిద్ది, మాటను వాళ్ల మాటగానే ఉంచండి. బతికి ఉన్న సామాన్య ఆటగాళ్ల పేర్లు అచ్చువేసే ముందు వాళ్ల అనుమతి తీసుకోవడం మర్యాద.

రాసేటప్పుడు ప్రతి సీజన్‌కూ సమానంగా చోటు ఇవ్వనక్కరలేదు. అబ్రూజ్జో కొండల్లోని కాస్తెల్ ది సాంగ్రో కొద్ది వేల మంది ఉన్న ఊరు. 1996 వేసవిలో ఫొజ్జాలో ఆస్కొలీపై పెనాల్టీలతో గెలిచి సెరీ బికి చేరిన ఆ జట్టు, సొంత మైదానం సిద్ధం కాకపోవడంతో మొదట్లో తన ఇంటి ఆటలను కియేతీలో ఆడవలసి వచ్చింది. మొదటి ఏడు నిలదొక్కుకుని రెండో ఏడు కిందికి దిగింది. ఆ రెండేళ్లకు సగం పుస్తకం ఇచ్చినా తప్పు లేదు. కాని ఆ ఊళ్లో క్లబ్బు పుట్టిన 1953 నుంచి అంతదాకా మైదానంలో గడ్డి కోసినవాళ్ల కథకు కనీసం ఒక అధ్యాయం దక్కాలి. పట్టికలన్నీ చివరన అనుబంధంగా పెట్టి, తేలని సంగతుల జాబితాను కూడా వాటి పక్కనే అచ్చువేయండి. పుస్తకం ప్రతి ఒకటి, ఇంటర్వ్యూల రికార్డింగులు, స్కాన్ చేసిన ఫోటోలు ఆ ఊరి కొమూనే గ్రంథాలయంలో అప్పగించి, ఒక్కో ఫోటో వెనక అది ఎవరింటి నుంచి వచ్చిందో పెన్సిల్‌తో రాయండి.