పిక్సార్ సీరియళ్లను పిల్లలతో చూడడం ఎలా: ఎంపిక, వరుస, పద్ధతి

మే నెలలో తిరుపతి ఎండకు పొద్దున పది దాటితే పిల్లలు గడప దాటలేరు. ఆ గంటల్లో టీవీ నడవక తప్పదు గనుక, నడిచేదేదో మనమే ఎంచి నడిపించడం మేలు. కంప్యూటర్ యానిమేషన్ సినిమాలకు పేరుపొందిన పిక్సార్ స్టూడియో కొన్నేళ్లుగా ఇంటి తెర కోసం కూడా ధారావాహికలు తీస్తోంది. అవి మన దేశంలో జియోహాట్‌స్టార్‌లో వస్తున్నాయి. వాటిలో ఏది ముందు పెట్టాలి, ఏ వయసుకు ఏది తగును, చూసేటప్పుడు పిల్లల చేత ఏమి గమనింపజేయాలి అన్నది తల్లిదండ్రులకూ, వేసవి శిబిరాలు నడిపే ఉపాధ్యాయులకూ పనికివచ్చేలా ఇక్కడ వివరిస్తున్నాను.

అన్నిటికన్నా ముందు, ఆ సీరియల్‌ను నిజంగా ఎవరు తీశారో చూసుకోవాలి. తెలిసిన పాత్ర బొమ్మ కనబడగానే, సినిమా తీసినవారే ఇదీ తీశారని మనం అనుకుంటాం. చాలాసార్లు అది నిజం కాదు. ‘టాయ్ స్టోరీ’ సినిమాల్లోని బజ్ పాత్రతో 2000లో వచ్చిన ‘బజ్ లైట్‌ఇయర్ ఆఫ్ స్టార్ కమాండ్’ను డిస్నీ టెలివిజన్ విభాగం చేత్తో గీసిన బొమ్మల పద్ధతిలో తీసింది. 2021లో మొదలైన ‘మాన్‌స్టర్స్ ఎట్ వర్క్’ చూడడానికి అచ్చం ‘మాన్‌స్టర్స్ ఇంక్’ సినిమాలాగే ఉన్నా, అది కూడా ఆ టెలివిజన్ విభాగం పనే. పోనీ గొంతును బట్టి గుర్తుపడదామంటే అదీ కుదరదు: బజ్‌కు ఆ సీరియల్‌లో సినిమాల్లోని టిమ్ అలెన్ కాక పాట్రిక్ వార్‌బర్టన్ గొంతు ఇచ్చారు గానీ, ‘మాన్‌స్టర్స్ ఎట్ వర్క్’లో సినిమా నటులు బిల్లీ క్రిస్టల్, జాన్ గుడ్‌మన్ ఇద్దరూ తిరిగి వచ్చారు. కాబట్టి నమ్మదగిన ఆనవాలు చివరన వచ్చే పేర్ల పట్టిక ఒక్కటే. తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలయ్యే సదుపాయాన్ని సెట్టింగుల్లో ఆపివేసి, పేర్లు నడుస్తున్నప్పుడు ఒకసారి నిలిపి, ఏ స్టూడియో పేరు ఉందో పిల్లల చేతనే చదివించండి. టెలివిజన్ విభాగాలు తీసినవి చూడకూడదని నా ఉద్దేశం కాదు. ‘మాన్‌స్టర్స్ ఎట్ వర్క్’ హాయిగా నవ్విస్తుంది. అయితే సినిమా స్థాయి పనితనాన్ని ఆశించి కూర్చున్న పిల్లవాడు పది నిమిషాలకే లేచిపోతే, తప్పు వాడిదీ కాదు, సీరియల్‌దీ కాదు.

ఇక వరుస విషయం. ఆరేళ్ల లోపు పిల్లలకు 2019 నవంబరులో వచ్చిన ‘ఫోర్కీ ఆస్క్స్ ఎ క్వశ్చన్’తో మొదలుపెట్టవచ్చు, మూడు నాలుగు నిమిషాల ముక్కలు 10 ఉంటాయి, ఒక్కో దానిలో ఒక్కో ప్రశ్న. తర్వాత ‘అప్’ సినిమాలోని కుక్క డగ్ కథలైన ‘డగ్ డేస్’, ఆపైన రెండు కార్లు దేశమంతా తిరిగే ‘కార్స్ ఆన్ ది రోడ్’ పెట్టండి. వీటికి ముందు సినిమా చూసి ఉండనక్కరలేదు, ‘డగ్ డేస్’కు తప్ప, ముసలాయన కార్ల్ ఎందుకు ఒంటరివాడయ్యాడో తెలియనివారికి అందులోని సగం మాటలు ఊరికే పోతాయి. ఇంగ్లిషు ఇంకా పట్టుబడని పసివాళ్లున్న ఇంట్లో, హైదరాబాదుకు చెందిన గ్రీన్ గోల్డ్ సంస్థ నెట్‌ఫ్లిక్స్ కోసం 2019లో తీసిన ‘మైటీ లిటిల్ భీమ్’ను వీటికి ముందే చూపించడం మంచిది, అందులో సంభాషణలతో పనే లేదు.

2024 డిసెంబరులో వచ్చిన ‘డ్రీమ్ ప్రొడక్షన్స్’ నాలుగే ఎపిసోడ్లు. రైలీ అనే అమ్మాయి మనసులో కలలు తయారుచేసే స్టూడియో కథ అది. ‘ఇన్‌సైడ్ అవుట్’ రెండు సినిమాలకూ నడుమ జరుగుతుంది కనుక, మొదటి సినిమా చూశాకే దీన్ని పెట్టాలి. ఆఫీసు రాజకీయాలను డాక్యుమెంటరీ ధోరణిలో ఎగతాళి చేసే హాస్యం పెద్దలకే ఎక్కువ అందుతుంది.

నిజంగా తీరిక చేసుకుని కూర్చోవలసినది 2025 ఫిబ్రవరి 19న మొదలైన ‘విన్ ఆర్ లూజ్’. పాత సినిమా పాత్రల ఊతం లేకుండా, కొత్త కథతో పిక్సార్ తీసిన మొదటి పూర్తిస్థాయి ధారావాహిక ఇదే. క్యారీ హాబ్సన్, మైకేల్ యేట్స్ దీని సృష్టికర్తలు. పికిల్స్ అనే పిల్లల సాఫ్ట్‌బాల్ (బేస్‌బాల్ తరహా ఆట) జట్టు ఫైనల్ ఆటకు సిద్ధమయ్యే ఒకే ఒక్క వారం, ఎనిమిది ఎపిసోడ్లలో ఎనిమిది రకాలుగా నడుస్తుంది: ఒకసారి కోచ్ కూతురు లారీ వైపు నుంచి, ఒకసారి అంపైర్ ఫ్రాంక్ వైపు నుంచి, చివరకు కోచ్ డాన్ వైపు నుంచి. ఈ పద్ధతి పిల్లలకు ఎలా చెప్పాలా అని సందేహపడనక్కరలేదు. మన చిత్తూరు, పుత్తూరు వైపు ద్రౌపదీ ధర్మరాజుల గుళ్లలో జరిగే భారత ఉత్సవాలను చూసిన పిల్లలకు, పగలు హరికథలో విన్న ఘట్టాన్నే రాత్రి వీధినాటకంలో దుర్యోధనుడి నోట వింటే వేరుగా ఉంటుందని ఎవరూ నేర్పకుండానే తెలుసు. ముగింపు ముందే తెలిసినా జనం తెల్లవార్లూ కూర్చునేది అందుకే.

ఈ సీరియల్‌లో ఒక్కొక్కరి లోపలి భావం ఒక్కో రూపంలో తెర మీదకు వస్తుంది. లారీ భయం చెమట ముద్దగా మారి, ఆమె వెంటే తిరుగుతూ, భయం పెరిగే కొద్దీ ఉబ్బుతుంది. మా ఇంట్లో ఆ ఎపిసోడ్ నడుస్తుండగా అవ్వ ఒత్తులు చేసుకుంటూ, “ఆ ముద్ద ఆ పాపకు తప్ప యెవురికీ కనపడదా?” అని అడిగింది. “అది భయం అవ్వా, బయటికి కనపడదు” అన్నాడు మనవడు. “నీకెప్పుడు వస్తుందబ్బోడా అది?” అంటే, వాడు కాసేపు ఆలోచించి, “పదమూడో ఎక్కం అడిగినప్పుడు” అన్నాడు. పెద్దలు చేయవలసిందల్లా ఇంతవరకే: అడగడం, ఆగడం. ఎపిసోడ్ ముగిసిన వెంటనే నీతి వివరించబోతే, మరుసటి రోజు పిల్లలు మీరు లేనప్పుడే చూడడం మొదలుపెడతారు.

రోజుకు ఒకటి, మహా అయితే రెండు ఎపిసోడ్లు చాలు. విడుదల చేసినవారు కూడా వారానికి రెండేసి చొప్పునే వదిలారు. వరుస తప్పించవద్దు. ఒక ఎపిసోడ్‌లో కోపిష్ఠిగా కనబడినవారి కారణం మరో ఎపిసోడ్‌లో తెలుస్తుంది కాబట్టి, మధ్యలో దూకితే సీరియల్ పడిన శ్రమంతా వృథా అవుతుంది. పెద్దల ఒంటరితనం, డబ్బు చిక్కులు వంటివి కూడా కథలో ఉన్నాయి కనుక, ఎనిమిదేళ్ల లోపువారిని ఒంటరిగా కూర్చోబెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం. 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ప్రతి కార్యక్రమం మీదా యు, యు/ఏ 7+, యు/ఏ 13+, యు/ఏ 16+, ఏ అనే గుర్తుల్లో ఏదో ఒకటి ఉండాలి. ప్లే నొక్కే ముందు అది చూడండి. అదే పేజీలో ఏయే భాషల ఆడియో ఉందో కూడా చూసుకోవాలి. తెలుగు లేకపోతే ఇంగ్లిషు ఆడియోకు ఇంగ్లిషు సబ్‌టైటిళ్లు పెట్టండి, హైస్కూలు పిల్లలకు చదవడం కూడా అలవాటవుతుంది.

బొమ్మలు వేసే ఆసక్తి ఉన్న పిల్లలుంటే మరో మెట్టు ఉంది. ముందుగా ఈ లెక్క వారి చేత చేయించండి: తెర మీద సెకనుకు 24 బొమ్మలు; ఇరవై నిమిషాల ఎపిసోడ్‌కు 28,800. అలాంటివి ఎనిమిది అంటే రెండు లక్షల ముప్పై వేలు దాటుతాయి. 1995 నాటి ‘టాయ్ స్టోరీ’ మొత్తం నిడివి 81 నిమిషాలు. ఈ సీరియల్ ఇంచుమించు దానికి రెండింతలు. అంత పని సాగాలంటే ఒకసారి కట్టిన మైదానాన్నీ, వీధినీ, బడినీ మళ్లీ మళ్లీ వాడుకోవాలి, ఒకే వారం చుట్టూ తిరిగే కథ అందుకు చక్కగా అమరింది. ఆ తర్వాత ఏదైనా ఒక నిమిషం సన్నివేశాన్ని ఎంచి, శబ్దం ఆపి రెండుసార్లు చూపించండి. మొదటిసారి మాట్లాడుతున్న పాత్ర చేతులను మాత్రమే చూడమనండి, రెండోసారి మాట్లాడని పాత్ర కళ్లను. వింటున్నవారి ముఖంలో ఎంత పని జరుగుతుందో తెలిసిన పిల్లలు, పాత రూళ్ల పుస్తకం మూలల్లో తామే బొమ్మలు వేసి, బొటనవేలితో గబగబా తిప్పడం మొదలుపెడతారు. సెకనుకు 12 బొమ్మలున్నా కదలిక కనబడుతుందని చెబితే శ్రమ సగం తగ్గుతుంది.

ఎనిమిదో ఎపిసోడ్ అయ్యాక, మొదటి ఎపిసోడ్‌ను మళ్లీ పెట్టండి. ఈసారి లారీని వదిలిపెట్టి, ఆమె వెనక నిలబడినవారిని, గట్టు మీద కూర్చున్నవారిని ఒక్కొక్కరినీ ఒక్కో బిడ్డకు అప్పగించి, వారు ఆ క్షణంలో ఏ చిక్కులో ఉన్నారో చెప్పమనండి. మొత్తం చూడనక్కరలేదు, పది నిమిషాలు చాలు.