వీడియో రీసెర్చ్ పేపర్ జర్నల్ కాడ ఆగిందా? ముందు కన్సెంట్ కాగితం తీసి చదవండి

కాకతీయ యూనివర్సిటీ నుంచి, కరీంనగర్, నిజామాబాద్ దిక్కు నుంచి స్కాలర్లు ఫోన్ చేస్తుంటరు, వీడియోనే రుజువుగ పెట్టి రాసిన పేపర్ జర్నల్ కాడ ఆగిపోయింది సార్ అని. ఎవరికైనా నేను మొదలు చెప్పేది ఒక్కటే, వీడియోల ఉన్నోళ్లతోని సంతకాలు పెట్టించిన కన్సెంట్ (ఒప్పుదల) కాగితం బయటికి తీసి గట్టిగ చదువుమని. "అందరితోని తీసుకున్న సార్, ఫైల్‌ల ఉన్నయి" అంటరు, చదవరు. ఉంటే సరిపోదు, అందుల ఏ మాటలున్నయో చూడాలె. దాని సంగతి కింద వివరంగ రాసిన, ముందు చిన్నచిన్నవి చూద్దాం. కెమెరా, మైకు, ఎడిటింగ్ మీకు వచ్చనుకొనే రాస్తున్న.

సమస్య: రివ్యూకే పోలే, ఎడిటర్ కాడి నుంచే వాపస్ వచ్చింది

ఎక్కువసార్లు కారణం ఇదే: వీడియో తీసిన్రు గానీ పేపర్‌ల వాడుకున్నది మాటలే. కెమెరా ముంగట కూసోబెట్టి ఇంటర్వ్యూ చేస్తే అది వీడియో రీసెర్చ్ కాదు. వీడియో పక్కకు పెట్టి ట్రాన్స్‌క్రిప్ట్ (మాటలు రాసుకున్న కాగితం) ఒక్కటే చదవండి, మీ వాదన అట్లనే నిలబడితే ఎడిటర్ వాపస్ పంపింది కరెక్టే. వరంగల్ ఎనుమాముల మార్కెట్ల మిర్చి వేలం తీసిన్రనుకోండి, కొనేటాయన బస్తాల చెయ్యి పెట్టి కాయ విరిచి చూసుడు, ధర చెప్పేముందు పక్క వ్యాపారి దిక్కు చూసుడు, రైతు ఏం మాట్లాడకుండ బస్తా మూతి మూసుడు, ఇవన్నీ ట్రాన్స్‌క్రిప్ట్‌ల రావు, వాదన వీటి మీద కట్టాలె.

ఇంక జర్నల్ ఎంచుకునేటప్పుడు పాత సంచికలు తెరిచి వాళ్లు వీడియో క్లిప్పులు నిజంగ వేసిన్రా లేదా చూడండి. సోషల్ ఇంటరాక్షన్: వీడియో-బేస్డ్ స్టడీస్ ఆఫ్ హ్యూమన్ సోషాలిటీ అని ఒకటున్నది, 2018 నుంచి వస్తున్నది, ఓపెన్ యాక్సెస్, అంటే ఎవరైనా ఫ్రీగ చదవొచ్చు. బడి, క్లాస్‌రూమ్ మీద చేసేటోళ్లకు వీడియో జర్నల్ ఆఫ్ ఎడ్యుకేషన్ అండ్ పెడగాజీ ఉన్నది. జోవ్ పేరు విని దానికి పంపేటోళ్లున్నరు, అది ల్యాబ్ ప్రయోగాలు ఎట్ల చేయాల్నో చూపెట్టే జర్నల్, మన పని దాంట్ల ఇమడదు.

సమస్య: "ఈ క్లిప్పులే ఎందుకు తీసుకున్నరు" అని రివ్యూయర్ అడిగిండు

మొత్తం ఎన్ని గంటల రికార్డింగ్, అందుల ఇసొంటి ఘటనలు ఎన్ని దొరికినయి, వాటిల ఈ మూడో నాలుగో ఎందుకు ఎంచుకున్నరు, మీ వాదనకు అడ్డం వచ్చే క్లిప్పు ఏదన్న ఉందా. ఈ నాలుగు ముచ్చట్లు మెథడ్ భాగంల ఒక పేరా రాస్తే పోతది. ఇది తెలిసి కూడా రాయరు, అదే బాధ.

సమస్య: ట్రాన్స్‌క్రిప్ట్ టైములు వీడియోకు కలుస్తలేవు

మొదట్ల కలుస్తది, క్లిప్పు పోంగపోంగ జారుతది. ఫోన్‌తోని తీసిన వీడియోల ఫ్రేమ్ రేట్ స్థిరంగ ఉండదు, అదే కారణం. ఫైల్ వివరాలు చూపెట్టే మీడియాఇన్ఫోల ఫైల్ తెరిస్తే ఫ్రేమ్ రేట్ మోడ్ కాడ వేరియబుల్ అని కనపడ్తది. వీడియో ఫార్మాట్ మార్చే హ్యాండ్‌బ్రేక్‌ల కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ పెట్టి, హెచ్.264 ఎంపీ4 చేసి, ఆ తర్వాతనే ఈలాన్‌ల (వీడియో చూసుకుంట టైముతోని మాటలు రాసుకునే సాఫ్ట్‌వేర్) ట్రాన్స్‌క్రిప్షన్ మొదలువెట్టాలె. ట్రాన్స్‌క్రిప్షన్ అంత అయినంక మారిస్తే టైములన్నీ మళ్ల సరిచేసుకోవాలె. వాట్సాప్‌ల వచ్చిన వీడియో అయితే అసలే వద్దు, అది క్వాలిటీ తగ్గించి పంపుతది.

సమస్య: రివ్యూయర్‌కు మీరెవరో తెలిసిపోయింది

రాసినోళ్లెవరో తెల్వకుండ రివ్యూ జరగాలె గానీ మీరు యూట్యూబ్ లింక్ ఇచ్చిన్రు, ఛానల్ మీద మీ పేరే ఉన్నది. ఓఎస్ఎఫ్ అనే పరిశోధన ఫైళ్లు పెట్టుకునే సైట్ల పేర్లు దాచిన వ్యూ-ఓన్లీ లింక్ చేసుకోవచ్చు, అది వాడండి. ఫైల్ పేరుల మీ పేరు, కాలేజీ పేరు తీసేయండి. ఫోన్ వీడియోల తీసిన చోటు లొకేషన్ కూడా దాగి ఉంటది, ఎగ్జిఫ్‌టూల్ అనే సాఫ్ట్‌వేర్‌తోని తుడిచేయండి.

సమస్య: పేపర్ యాక్సెప్ట్ అయింది, అయినంక ప్రొడక్షన్ల ఆగింది

ఇగ అసలుది ఇది. రివ్యూయర్లు ఒప్పుకున్నరు, ఎడిటర్ ఒప్పుకున్నడు, ఇంట్ల మిఠాయిలు కూడా పంచిన్రు, తర్వాత పబ్లిషర్ కాడి నుంచి మెయిల్ వస్తది: వీడియోల గుర్తుపట్టేటట్టున్న ప్రతి మనిషి నుంచి ప్రచురణకు ఒప్పుకున్నట్టు కాగితం పంపండి అని. మీరు కన్సెంట్ కాగితం తీస్తరు. అందుల "ఈ వీడియోను పరిశోధన అవసరాలకు మాత్రమే వాడుతాం, మీ వివరాలు గోప్యంగా ఉంచుతాం" అని ఉంటది. ఆ ఒక్క వాక్యమే మీ పేపర్‌ను ఆపుతది. మొహం నెట్‌ల పెట్టుడు గోప్యం కాదు కదా, మాట ఇచ్చింది మీరే, దాని కింద వాళ్లు సంతకం పెట్టిన్రు.

ఈ తప్పు ముందే ఎందుకు దొరకదంటే, పరిశోధనకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ ఆ కాగితాన్ని పాస్ చేస్తది కాబట్టి. పరిశోధనల పాల్గొనే ఒప్పుదల వేరు, ప్రచురణ ఒప్పుదల వేరు. కమిటీ చూసేది ఎక్కువగ మొదటిదే, రెండోదాన్ని జర్నల్ అడుగుతది, అది కూడా చాలాసార్లు ఆఖరుకు. అప్పటికి రెండేండ్లో మూడేండ్లో అయితయి. జగిత్యాల దిక్కు బీడీలు చుట్టే ఇండ్లల్ల తీసిన ఒక స్కాలర్‌కు ఇట్లనే అయింది. బీడీ చుట్టిన అక్క సంతకం ఉన్నది, వెనుక మంచం మీద కూసున్న అత్తమ్మది లేదు, గడపల నిలబడ్డ పక్కింటి పిల్లది లేదు, ఆ పిల్ల వాళ్లు ఇల్లు ఖాళీ చేసి ఎటో పోయిన్రు. ఆ స్కాలర్ వాదన మొత్తం వేళ్ల కదలిక మీదనే ఉన్నది కాబట్టి ఫ్రేమ్ చేతుల వరకే కత్తిరించి, గొంతు తీసేసి, ఆ అక్కకు చూపెట్టి మళ్ల సంతకం తీసుకుంటే పేపర్ బయటపడ్డది. అందరికీ ఇట్ల కుదరదు. అంగన్‌వాడీల టీచర్ చూపు, పిల్లల చూపు మీద రాసినోళ్లు మొహాలు కత్తిరిస్తే ఇంక మిగిలేది ఏం లేదు. బ్లర్ చేసినా అంతే, రుజువే పోతది.

ఇప్పటికే ఇరుక్కున్నోళ్లు ఇట్ల చేయండి. దొరికినోళ్ల ఇంటికి పోయి, ఎంచుకున్న క్లిప్పు వాళ్లకు ఫోన్ల చూపెట్టి, కొత్తగ సంతకం అడగండి. దొరకనోళ్లు ఉన్న ఫ్రేములను గీతబొమ్మలుగ మార్చండి. సంభాషణ విశ్లేషణ చేసేటోళ్లు చానా కాలం నుంచి చేస్తున్న పద్ధతే అది, చూపు ఎటున్నదో బొమ్మల తెలుస్తది, మనిషి తెల్వడు. అదీ కుదరకపోతే క్లిప్పు తీసేసి, ఎందుకు ఇయ్యలేకపోతున్నరో ఎడిటర్‌కు ఉన్నదున్నట్టు రాయండి, చాలామంది ఎడిటర్లు ఒప్పుకుంటరు. సర్పంచ్‌తోనో హెడ్‌మాస్టర్‌తోనో అందరి తరఫున ఒక్క సంతకం పెట్టించుడు మాత్రం వద్దు, వాళ్లు ఇచ్చేది లోపలికి రానిచ్చే పర్మిషన్, ఇంకొకరి మొహం మీద వాళ్లకు హక్కు లేదు.

ఇంకా తీయనోళ్లు కాగితంల ఒక్క "అవును" పెట్టకండి, విడివిడిగ అడగండి: నేను చూసుకోనీకి, క్లాసుల చూపెట్టనీకి, పేపర్‌ల ఫొటో వేయనీకి, గీతబొమ్మ వేయనీకి, మొహం గొంతుతోని వీడియో నెట్‌ల పెట్టనీకి. ఒక్కోదానికి అవును, కాదు వేర్వేరు. సంతకం కూడా రెండుసార్లు, తీసేముందు ఒకటి, ఏ క్లిప్పు వేస్తున్నరో తేలినంక ఇంకొకటి. చెప్పేటప్పుడు సీదా చెప్పండి: "అక్కా, ఇది నెట్‌ల ఉంటది, దుబాయ్‌ల ఉన్న బావ చూడొచ్చు, ఊర్లోళ్లు చూడొచ్చు, ఒకసారి పెట్టినంక తీసేసుడు నా చేతుల ఉండదు." సీసీ బై లైసెన్స్ కింద పేపర్ వస్తే ఎవరైనా పేరు చెప్పి ఆ వీడియోను తిరిగి వాడుకోవచ్చు, వ్యాపారానికి కూడా, ఇచ్చినంక వాపస్ తీసుకోరాదు. కాబట్టి వీడియోకు వేరే లైసెన్స్ ఇయ్యొచ్చా అని ఎడిటర్‌ను ముందే అడగండి. చదువు రానోళ్లకు చదివి వినిపించి, సంబంధం లేని చదువుకున్న మనిషిని సాక్షిగ పెట్టుకోవాలె. పిల్లలకు అమ్మానాయినల సంతకం ఒక్కటే చాలదు, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం 7 నుంచి 12 ఏండ్లోళ్లను నోటితోని, ఆ పైన 18 వరకు రాతల ఒప్పుకుంటరా అని అడగాలె. ఆరోగ్య పరిశోధన కోసం రాసిందైనా మనకూ అదే మంచి కొలత.

పంపేముందు ఇంకొక పని, హెడ్‌ఫోన్ పెట్టుకొని క్లిప్పు మొత్తం వినండి. మొహం దాచిన వీడియోల టీచర్ పిల్లను ఇంటిపేరుతోని పిలుస్తది, గోడ మీద ఊరి పేరు బోర్డు ఉంటది, ఎవరూ చూసుకోరు.

మిగిలినవి

ఫైల్ సైజు ఎక్కువైతే క్లిప్పు చిన్నది చేయండి. వెనుక సినిమా పాట మోగుతుంటే ఆ భాగం కత్తిరించండి. జర్నల్ పేరు యూజీసీ కేర్ లిస్టుల (యూజీసీ ఒప్పుకున్న జర్నళ్ల జాబితాల) లేదని భయపడేటోళ్లున్నరు, ఆ లిస్టును 2025 ఫిబ్రవరిలనే యూజీసీ ఆపేసింది, మీ యూనివర్సిటీ ఇప్పుడు ఏ నిబంధన పెట్టిందో ఆఫీసుల అడిగి తెలుసుకోండి.